గేర్ ఆయిల్ లీకు (అంబాసిడర్ కారు)
2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్‌లో ఇంజను శక్తి వెనక చక్రాలకు అందుతుంది. అందుకే వెనక డిఫరెన్షియల్‌లో గేర్ ఆయిల్ ఉంటుంది. డిఫరెన్షియల్‌లోకి శక్తిని తెచ్చే పినియన్ గేరు దగ్గరి ఆయిల్ సీలు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి, దాని అంచు అరిగి, నూనె కారుతుంది. అయితే సీలు మార్చే ముందు బ్రీదర్, అంటే డిఫరెన్షియల్‌లోని గాలి బయటికి పోయే రంధ్రం, చూడాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు. ఆ బ్రీదర్ మట్టితో పూడుకుంటే వేడికి లోపల ఒత్తిడి పెరిగి, కొత్త సీలు నుంచి కూడా నూనె తన్నుకొస్తుంది. సీలు ఆనే చోట పినియన్ ఫ్లాంజి మీద గోరుకు తగిలేంత గాడి పడితే సీలు ఒక్కటే మార్చి లాభం లేదు. తిరిగి అమర్చేటప్పుడు పినియన్ నట్టును అతిగా బిగిస్తే బేరింగులు దెబ్బతింటాయి. పినియన్ దగ్గర కాకుండా యాక్సిల్ చివర లీకయితే నూనె బ్రేకు డ్రమ్ములోకి చేరుతుంది. నూనెతో తడిసిన బ్రేకు లైనింగును తుడిచి వాడకూడదు, మార్చాల్సిందే.