ఉగ్రవాదమనే పేరు ఎవరు పెడతారు?

ఒక ఊళ్ళో బాంబు పేలినా, కాల్పులు జరిగినా, గుంపు వచ్చి ఇళ్ళు తగలబెట్టినా చనిపోయినవారి ఇంట్లో ఏడుపు ఒక్కటే. కాని పోలీసు ఠాణాలో రాసుకునే మాట మాత్రం ఒక్కటి కాదు. ఒకచోట హత్య అంటారు, ఒకచోట అల్లర్లు అంటారు, ఇంకొకచోట ఉగ్రవాదం అంటారు. ఆ మాటను బట్టే నిందితుని బెయిలు, విచారణ, శిక్ష అన్నీ మారిపోతాయి. అందుచేత ఈ పేరు ఎవరు, ఎప్పుడు, దేన్ని చూసి పెడుతూ వచ్చారో మన సంఘ సభ్యుల ముందు ఉంచాలని అనుకున్నాము.

మొదటే ఒక మనవి. అమాయకుల ప్రాణాలు తీసే పని ఎవరు చేసినా ఘోరమే. దానికి సాకులు వెదకడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు. నేరానికి శిక్ష పడాలి. పడవలసినవాడికే పడాలి.

మన హైదరాబాదుతోనే మొదలుపెడదాం. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వాన జనం బ్రిటిషు రెసిడెన్సీపై దాడి చేశారు. దొరలు దానికి పెట్టిన పేరు తిరుగుబాటు. తుర్రేబాజ్ ఖాన్ తుపాకి గుండుకు బలయ్యాడు. మౌల్వీగారిని అండమాను పంపించారు. నేడు అదే కోఠీలో తుర్రేబాజ్ ఖాన్ పేరుతో రోడ్డు ఉన్నది.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి తుపాకులు పట్టుకుపోయినప్పుడు సర్కారు కాగితాల్లో అది పితూరి అయింది. 1925 ఆగస్టు 9న కాకోరి దగ్గర రైలు ఆపి సర్కారు సొమ్ము తీసుకున్న కేసులో అష్ఫాఖుల్లా ఖాన్‌పై దోపిడీ, హత్య, చక్రవర్తిపై యుద్ధానికి కుట్ర అనే నేరాలు మోపారు. 1927 డిసెంబరు 19న ఆయనను ఫైజాబాదు జైల్లో ఉరితీశారు. 1930లో చిట్టగాంగు ఆయుధాగారంపై దాడి జరిగాక, 1932లో బెంగాలు ప్రభుత్వం చేసిన ఒక చట్టం పేరులోనే టెర్రరిస్టు అనే మాట చేరింది. తమాషా ఏమంటే, 1793-94లో ఫ్రాన్సు దేశంలో ఈ మాట పుట్టింది ప్రభుత్వం తన ప్రజలపై సాగించిన భయంకర పాలనను చెప్పడానికే!

పేరు పెట్టినది పరాయి ప్రభుత్వం కనుక అలా జరిగిందనుకోవచ్చు. మరి స్వతంత్ర భారతంలో ఏం జరిగింది?

పంజాబు కల్లోలం, ఢిల్లీ బాంబు పేలుళ్ళ తరువాత 1985లో టాడా చట్టం వచ్చింది. పోలీసు అధికారి దగ్గర ఇచ్చిన ఒప్పుకోలును కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చన్నది 1987 నాటి టాడా చట్టం. బెయిలు దొరకడం గగనమైంది. 1994లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో గట్టిగా హెచ్చరించింది. ఉగ్రవాది నేరస్తుడే కావచ్చు గాని, ప్రతి నేరస్తుడికీ ఉగ్రవాది ముద్ర వేయరాదన్నది దాని సారాంశం. 1995లో టాడా గడువు తీరిపోయింది. 2002లో పోటా వచ్చింది, 2004లో రద్దయింది. అందులోని చాలా సంగతులు 1967 నాటి ఉపా చట్టంలోకి వచ్చి చేరాయి.

ఒకే రాష్ట్రంలో, ఒకే సమయంలో ఈ పేరు ఎలా పనిచేసిందో గుజరాతులో చూడవచ్చు. 2002 ఫిబ్రవరి 27న గోద్రా రైలు దహనంలో 59 మంది చనిపోయారు. ఆ నిందితులపై తరువాత పోటా పెట్టారు. మర్నాడు నరోడా పాటియాలో 97 మందిని చంపేశారు. ఆ నిందితులపై మాత్రం మామూలు శిక్షాస్మృతి సెక్షన్లే. 2005లో పోటా పునఃపరిశీలన సంఘం గోద్రా కేసుకు పోటా వర్తించదన్నది. చివరకు 2011లో ప్రత్యేక కోర్టు గోద్రా కేసులో 31 మందిని దోషులన్నది, 63 మందిని విడిచిపెట్టింది. నరోడా పాటియా కేసులో 2012లో 32 మందిని దోషులన్నది. రెండు కేసుల్లోనూ శిక్ష వేయడానికి మామూలు చట్టమే సరిపోయింది. కాని విడుదలైన 63 మంది సంగతి? అన్నేళ్ళ కాలాన్ని వారికి ఎవరు తిరిగి ఇవ్వగలరు?

ఇక మనకు దగ్గరి గాయం. 2007 మే 18, శుక్రవారం, మక్కా మసీదులో జుమా వేళ బాంబు పేలి తొమ్మిదిమంది చనిపోయారు. తరువాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరి ఐదుగురు పోయారు. ఆ పిమ్మట నగరంలో పలువురు ముస్లిం యువకులను పోలీసులు పట్టుకున్నారు. కేసులు కోర్టులో నిలవలేదు. దర్యాప్తు సీబీఐ చేతికి పోయాక వేరొక వర్గానికి చెందినవారు నిందితులయ్యారు. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు సాక్ష్యాలు చాలవని ఐదుగురిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. అంటే మొదట ఒక పేరు పెట్టారు, తరువాత మరొక పేరు పెట్టారు, చనిపోయినవారి కుటుంబాలకు మాత్రం జవాబు దొరకలేదు. తొందరపడి ముద్ర వేస్తే నిర్దోషికే కాదు, బాధితునికి కూడా అన్యాయమే జరుగుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

చట్టం చూసేది మూడింటిని: చేసిన పని, వాడిన సాధనం, మనసులోని ఉద్దేశం. దేశ ఐక్యతకు, భద్రతకు ముప్పు తేవాలని గాని, ప్రజల్లో భీతి పుట్టించాలని గాని ఉద్దేశం ఉంటే, లేదా ఆ పనివల్ల అలా జరిగే అవకాశం ఉంటే ఉగ్రవాద చర్య. పని కంటికి కనబడుతుంది, సాధనం చేతికి దొరుకుతుంది. ఉద్దేశాన్ని మాత్రం ఊహించుకోవాలి. చిక్కంతా అక్కడే! నిందితుని పేరు, గడ్డం, ఊరు చూసి ఉద్దేశం ఊహిస్తే న్యాయం దారి తప్పుతుంది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 113వ సెక్షనులో కూడా ఉగ్రవాద నేరం ఉన్నది. కేసును దీనికింద పెట్టాలా, ఉపా కింద పెట్టాలా అన్నది ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి నిర్ణయిస్తాడు. ఉపా కేసు కోర్టులో నడవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆఖరున కోర్టు తేలుస్తుంది. మొదటి అధికారి కలానికీ ఆఖరి జడ్జిగారి కలానికీ మధ్య పదేళ్ళు గడిచిన కేసులూ ఉన్నాయి.

కనుక సభ్యులకు మా విన్నపం. ఎవరి బిడ్డనైనా పట్టుకుపోతే గాభరాపడి మధ్యవర్తుల వెంట తిరగకండి. ఏ సెక్షన్లు పెట్టారో అడగండి, ఎఫ్ఐఆర్ నకలు తీసుకోండి. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 2024 మేలో ఒక ఉపా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ కాగితం అడగండి. వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా కోర్టులో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోండి.

అలాగే పత్రికలో ఎవరి ఫోటో పడినా, అతను ఏ మతంవాడైనా, కోర్టు తేల్చకముందే మన నోటితో ఉగ్రవాది అని అనకుండా ఉందాం. మన బిడ్డ విషయంలో కోరుకునే న్యాయాన్ని పరాయి బిడ్డకూ ఇవ్వాలి గదా. ఈ మాట ఇంట్లో పిల్లలకు కూడా చదివి వినిపించాలని కోరుతున్నాము.