చిన్న దేశంతో బేరం

శంషాబాదు ఒకప్పుడు బెంగుళూరు బస్సు కిటికీలోంచి కనబడి వెనక్కిపోయే ఊరు. 2008 మార్చి 23న బేగంపేట విమానాశ్రయం సామాను సర్దుకుని ఇక్కడికి వచ్చాక, అమెరికా వెళ్లే కూతుర్నీ అల్లుణ్ణీ సాగనంపే ఊరయింది. కళ్లు తుడుచుకుంటూ తిరిగొచ్చే మనకి, అదే ఆవరణలో సరుకులెక్కించే చోట మందులకోసం చల్లటి గదులున్నాయన్న సంగతి తోచదు. చాలా టీకాలకు 2 నుంచి 8 డిగ్రీలుండాలి. మన ఇంట్లో పాలూ పెరుగూ కూడా అంత గారాబం ఎరగవు!

హైదరాబాదు మందులు వెళ్లే చోట్లలో ఆఫ్రికా ఒకటి. తొందరవీ, సుకుమారమైనవీ విమానమెక్కితే, బరువైన మాత్రల పెట్టెలు ఎక్కువగా ఓడల్లో పోతాయి. అక్కడి ఒక చిన్న దేశంతో బేరమెలా ఉంటుందో చూద్దామా?

లెసోతో అని ఒక కొండల దేశం. చుట్టూతా దక్షిణాఫ్రికాయే, సముద్రమన్నది లేదు. 1966లో స్వతంత్రమయింది. జనాభా పాతిక లక్షల లోపు, అంటే మన హైదరాబాదులో పావు వంతు. పాపం, అక్కడి పెద్దవాళ్లలో ఇంచుమించు అయిదుగురికొకరు ఎయిడ్స్ తెచ్చే హెచ్.ఐ.వి.తో బతుకుతున్నారు. మందు రోజూ వేసుకోవాలి, జీవితాంతం.

2000 ప్రాంతంలో ఒక మనిషికి ఏడాది మందుల ఖరీదు 10,000 డాలర్ల పైమాట. 2001లో బొంబాయి సిప్లా కంపెనీ 350 డాలర్లకు ఇస్తానంది. ప్రపంచం ముక్కున వేలేసుకుంది. అదెలా సాధ్యమయింది? 1970లో చేసి 1972లో అమల్లోకి తెచ్చిన మన పేటెంటు చట్టం వల్ల. గుత్తొంకాయ మీద ఎవరికీ హక్కు లేదు, ఫలానా విధంగా వండే పద్ధతి మీదే హక్కు అన్నట్టుంటుంది ఆ చట్టం. వేరే పద్ధతిలో వండుకోవచ్చన్నమాట! బాలానగర్‌లోని ఐ.డి.పి.ఎల్. ప్రభుత్వ కర్మాగారం ఆ వంట నేర్పిన బడి. అక్కడ పనిచేసిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. తరవాత 1986లో అరబిందో, 1993లో హెటెరో వచ్చాయి. 2005లో చట్టం మారింది. కొత్త మందులు చాలావాటిని ఇప్పుడు హక్కుదారుల అనుమతితోనే చేస్తున్నారు. అయినా ధర దిగుతూనే వచ్చింది. 2017లో అరబిందో, మైలాన్ కంపెనీలు కొత్త మూడు మందుల మాత్రను పేద దేశాలకు ఏడాదికి 75 డాలర్లకే ఇస్తామని ఒప్పుకున్నాయి. 2023కి అది 45 డాలర్ల లోపుకి వచ్చింది.

అయితే ధర తగ్గినంతమాత్రాన బేరం కుదిరిందనుకోకండి. చాలా దేశాల్లో మందుల అనుమతి విడివిడిగా కావాలి. కాగితాల శ్రమ పెద్ద దేశానికెంతో చిన్న దేశానికీ అంతే, కొనే సరుకు మాత్రం గుప్పెడు. పెట్టెలు పరాయి దేశపు రేవులో దిగి, లారీలెక్కి, సరిహద్దు దాటాలి. ఈలోపల మాత్రల గడువు తేదీ కరిగిపోతూ ఉంటుంది. లాభం చూసుకునే వర్తకుడు ఇంత తంటా ఎందుకు పడతాడు చెప్పండి?

దీనికి దొరికిన ఉపాయం మనకి కొత్తదేం కాదు. వీధిలో నలుగురూ కలిసి చింతపండు బస్తా తెప్పించుకుంటే ధరా తగ్గుతుంది, కొట్టువాడూ ఇంటికే పంపిస్తాడు. 2002లో మొదలైన గ్లోబల్ ఫండ్ అనే అంతర్జాతీయ నిధి తరవాత తరవాత అనేక దేశాల అవసరాలను కలిపి కొనసాగింది. ఏ మందు నమ్మదగినదో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుంచీ పరీక్షించి జాబితా చేస్తోంది. అమెరికా ప్రభుత్వ సహాయంతో కొనే మందుల కోసం అరబిందోకు 2005లో అక్కడి అనుమతి దొరికింది. అలా గుప్పెడు సరుకు కొనే దేశానికి కూడా బస్తా ధర దక్కింది.

కానీ ఈ బేరంలో ఒక మెలిక ఉంది. మందు మింగేది ఒకరు, ఎంచేది ఇంకొకరు, డబ్బిచ్చేది చాలాసార్లు వేరొకరు. ఒక్కరి జీతం మీద నడిచే ఇంటి భయం మనకి తెలియనిదా? 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సహాయాన్ని నిలిపివేసేసరికి, లెసోతోలో చాలామంది ఆరోగ్య కార్యకర్తల ఉద్యోగాలు పోయాయి. మాత్ర గోదాములో ఉన్నా, కొండెక్కి అందించే చెయ్యి ఉండద్దూ?

అందుకే ఆఫ్రికా దేశాలు తమలో తాము కలిసే ప్రయత్నంలో ఉన్నాయి. ఆఫ్రికా మందుల సంస్థ ఒప్పందం 2021 నవంబరులో అమల్లోకి వచ్చింది. దాని కార్యాలయం కూడా మరో చిన్న దేశంలోనే, రువాండా రాజధాని కిగాలీలో. అనుమతుల చిక్కు అది కొంత విప్పినా, అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ మేలే. చిన్న దేశంతో వ్యాపారమంటే ఒక్కసారి పెద్ద లాభం తీసి చేతులు దులుపుకునేది కాదు. నెల నెలా తప్పకుండా అందించి, నమ్మకం నిలబెట్టుకోవాలి. పాలు పోసే అమ్మాయి ఒక్కపూట రాకపోతే కాఫీ ఆగుతుంది, అంతే. ఈ మాత్ర ఆగితే, లెసోతో కొండల మీద ఒక తల్లికి ఆరోగ్యం దక్కదు.