పల్నాటి తిరునాళ్ళలో ఆటసామాను అంగళ్ళు

ఏ సంవత్సరమున ఎంత శిస్తు వసూలయ్యెనో, ఏ పంట ఎంత పండెనో కచేరీ దస్తరములు చెప్పగలవు గాని, తిరునాళ్ళలో తన కోడెకు మువ్వలపట్టెడయు బిడ్డకు బొంగరమును కొని సంతోషముతో బండియెక్కిన రైతు వెచ్చించిన నాలుగణాలు ఏ దస్తరమునకును ఎక్కలేదు. పల్నాటిసీమలో ఆరుబయటి ఆటలకును వేడుకలకును కావలసిన సరకుల క్రయవిక్రయముల చరిత్ర వ్రాయబూనిన వానికి ఇదియే మొదటి చిక్కు. అయినను ఆ చరిత్ర కలదు. అది తిథులను, పంటలను, కాలువలను, రైలుదారులను అనుసరించి నడచినది. ఆ నడకను చూచుటకు నడికుడికంటె అనువైన తావు ఈ సీమలో నాకు కనబడదు. గుంటూరునుండి మాచర్లకు పోవు రైలుదారిమీద పిడుగురాళ్ళకును గురజాలకును నడుమ, దాచేపల్లికి ఆనుకొనియున్న ఈ యూరిమీదుగనే సీమలోనికి వచ్చు సరకులలో పెక్కులు వచ్చినవి, ఇప్పటికిని వచ్చుచున్నవి.

పల్నాటివారికి ఆట అల్పవిషయము కాదు. పన్నెండవ శతాబ్దినాటి వీరుల కథలో రాజ్యము చేతులు మారినది కోడిపందెముతో. పందెమున ఓడి మాచర్లవారు ఏడేండ్లు వలసపోవలసివచ్చెను. మాచర్ల పక్షపు యువవీరుడగు బాలచంద్రుడు యుద్ధమునకు కదలినదియు బొంగరపుటాటలోనే: అతడు విసరిన బొంగరము ఒక వైశ్యకాంత పాదమును గాయపఱుపగా, ఆమె పలికిన నిష్ఠురోక్తి అతనిని తల్లికడకును, ఆపై కారెంపూడి రణభూమికిని నడపెను. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రమును వినుచు పెరిగిన జనులకు అంగడిలోని బొంగరము వట్టి కొయ్యముక్కగా తోచునా?

పూర్వము వర్తకుడే కొనువానియొద్దకు, అదియు తిథిననుసరించి వచ్చెడివాడు. కార్తిక బహుళ అమావాస్యనాడు కారెంపూడిలో వీరుల యుత్సవము మొదలై రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అను పేరులతో ఐదు దినములు జరుగును; నానా ప్రాంతములనుండి ఆచారవంతులు తమ వీరుల ఆయుధములైన కొణతములను తెచ్చి నాగులేటి నీట స్నానము చేయింతురు. చైత్రమున మాచర్ల చెన్నకేశవస్వామి యుత్సవము. మాఘ బహుళ చతుర్దశినాడు, అనగా శివరాత్రికి, నరసరావుపేట చేరువనున్న కోటప్పకొండలో త్రికూటేశ్వరుని తిరునాళ్ళు. కారెంపూడికి వచ్చు జనుడు చేలో పైరు నిలిపి వచ్చును. శివరాత్రినాటికో జొన్న ఇల్లుచేరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడుచుండును. కొండకడ అంగళ్ళు అంత దట్టముగ వెలయుటకు భక్తితోపాటు ఈ కారణమును ఉన్నదని నా నమ్మకము.

ఆ యంగళ్ళలో పెద్ద బేరము పిల్లలది కాదు, ఎడ్లది. మెడకు మువ్వల పట్టెడలు, గంటలు, రంగుల కుచ్చులు, కొమ్ములకు ఇత్తడి తొడుగులు, ముకుతాళ్ళు, పలుపులు, అల్లిక చర్నాకోలలు వరుసలు వరుసలుగా వ్రేలాడుచుండెడివి. తన యొంటికి ముతకపంచెతో సరిపెట్టుకొను కాపు ఎద్దుమెడలోని మువ్వల మ్రోతకై బేరమాడక వెచ్చించెడివాడు. ఏలయన ఆ ఎడ్లే ప్రభబండిని లాగవలెను, బండలాగుడు పోటీలో ఊరి మానమును నిలుపవలెను. వెదురుగడలతో ఆకాశమునంటునట్లు కట్టిన ప్రభ ఊరూరినుండి కొండకు కదలునపుడు జనుల చూపు మొదట ప్రభమీదను, పిదప దాని ముందరి ఎడ్లమీదను నిలిచెడిది. పశువును వారెంత ప్రాణముగ చూచుకొనిరో తెలియగోరువారు పుల్లరి సత్యాగ్రహమును స్మరింపవలయును. అడవిలో మేతకు పన్ను కట్టబోమని నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో ప్రభుత్వపు తుపాకులకు బలియయ్యెను. మేతపన్నుకు దమ్మిడీ ఈయనన్న సీమయే పశువు సింగారమునకు సంతోషముగ సంచి విప్పినది. ఈ రెండును ఒకే మనస్సునుండి వెలువడినవి.

పిల్లల వంతు చిన్నదైనను మురిపెమైనది. లక్కపూత బొంగరములు, వాని తాళ్ళు, గాజుగోళీలు, తగరపు ఈలలు, బూరలు, గాలిపటములు. పక్కనే జీళ్ళు, మరమరాలు, ఖర్జూరములు. కొంచెము ఎడముగ రంగులరాట్నము. కఱ్ఱాబిళ్ళకు చెట్టుకొమ్మ చాలును, చెడుగుడుకు ఊపిరి చాలును. కనుక సీమలో ఎక్కువగ ఆడు ఆటలు అంగడివానికి పైసా తేలేదు.

1930 ప్రాంతమున గుంటూరు–మాచర్ల మీటరుగేజి దారి పడినది. బండిమీద దినములు పట్టు ప్రయాణము పూటలలోనికి వచ్చెను. గుంటూరు బజారు సరకు నడికుడిలో దిగి చుట్టుపట్ల ఊళ్ళకు పోవుట సులువాయెను. అంగడివానికి ప్రయాణము సులభమైనదే కాని, కొనువాని చేతికి ధనము రాలేదు. జొన్నకూటికి శ్రీనాథుని చాటువులలో పేరుపడిన మెట్టసీమ అప్పటికిని మెట్టసీమయే.

ధనము నీటివెంట వచ్చినది. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ పల్నాటి నేలలను తడిపెను. వరియు, ప్రత్తియు, మిరపయు పెరిగిన కొలది తిరునాళ్ళ బేరము స్వరూపమే మారెను. ప్రభలు విద్యుద్దీపములు దాల్చినవి. వానిని లాగు పనికి ట్రాక్టరు వచ్చెను. దుక్కికి ఎద్దు అక్కఱ తగ్గినకొలది మువ్వలపట్టెడల వరుస కుఱుచయై, ప్లాస్టిక్కు బొమ్మలును గాలిబుడగలును ఆ చోటు నాక్రమించెను. ఐనను బండలాగుడు పోటీలు నశింపలేదు. దున్నుటకు గాక పోటీకే ఒంగోలు జతను మేపు రైతు కలడు, వాని వ్యయము తాతనాటి వ్యయమునకు ఎన్నో రెట్లు. వెనుక పనిచేయు పశువునకు పండుగనాడు చేసిన అలంకారము, నేడు వేడుకకే పెంచు పశువునకు ఏడాది పొడుగునను సాగు పోషణగా మారినది.

అటుపిమ్మట క్రికెట్టు వచ్చెను. 1983లో మన జట్టు ప్రపంచకప్పు గెలుచుటయు, ఆ దశకముననే టెలివిజను ఊళ్ళకు ప్రాకుటయు కలసి, కొబ్బరిమట్టతో ఆడుచున్న బాలునికి నిజమైన బ్యాటుమీద మనసు కలిగించినవి. ఆ బ్యాటు తిరునాళ్ళ సరకు కాదు. అది మీరటులోనో జలంధరులోనో తయారై వచ్చును; జలంధరులో ఆ పరిశ్రమను పెంచినవారు దేశవిభజనకాలమున స్యాల్కోటునుండి తరలివచ్చిన పనివారు. ఎక్కడి స్యాల్కోటు, ఎక్కడి నడికుడి! విభజనవలన ఇల్లు విడిచినవాని చేతిపని పల్నాటి పొలముగట్టునకు చేరుట చరిత్రగతి. బ్యాటు కొనుటకు చైత్రమనియు మాఘమనియు లేదు. నరసరావుపేటలోనో గుంటూరులోనో స్పోర్ట్స్ షాపునకు ఏనాడైన పోవచ్చును. తిథికిని కొనుగోలుకును తరతరములుగ ఉన్న ముడి మొట్టమొదట విడిపోయినది ఇచ్చటనే.

1980వ దశకము ముగియునాటికి బీబీనగరునుండి నల్లగొండమీదుగ వచ్చిన రైలుదారి కృష్ణను దాటి నడికుడిలో కలియుటయు, అద్దంకి–నార్కట్‌పల్లి రహదారిమీద రాకపోకలు పెరుగుటయు ఆ ముడిని మఱింత సడలించెను. పల్నాటివాడు ఇప్పుడు వేసవిలో హైదరాబాదు పోయి పిల్లలకు స్కేట్లు కొనును. హైదరాబాదువాడు వానకాలమున ఎత్తిపోతల జలపాతమును, నాగార్జునకొండ లాంచీ ప్రయాణమును కోరి ఇటు వచ్చును. ఇరువురికిని బూట్లు, వీపుసంచి, టోపీ కావలెను; వానిని అమ్ము బజారునకు ఊరితో పనిలేదు, చేతిలోని ఫోనే చాలును.

కొనువాడుగ ప్రభుత్వమే దిగుట ఈ కథలో క్రొత్త ఘట్టము. 2023 డిసెంబరు 26న గుంటూరు చెంతనున్న నల్లపాడులో ఆరంభమైన 'ఆడుదాం ఆంధ్రా' పోటీలకై క్రికెట్టు, వాలీబాలు, బ్యాడ్మింటను సామగ్రిని గ్రామ సచివాలయములకు పంపిరి. కబడ్డీ, ఖోఖోలును ఆ పోటీలలో చేరినవి. ఆట ఊరివారిదే, సామాను ప్రభుత్వముది. తండ్రి తిరునాళ్ళలో బేరమాడి కొనియిచ్చిన బ్యాటునందు బిడ్డకుండు మమకారము సచివాలయపు బ్యాటునందు ఉండునని చెప్పజాలను, అయినను కొనలేని యింటి బాలికకు అది దొరకుట మేలే.

కారెంపూడిలో కోడిపోరునాడు నేటికిని అంగళ్ళు వెలయుచున్నవి. ప్లాస్టిక్కు బంతుల కుప్ప ప్రక్క బొంగరము లమ్ముదురు, కాని వానిని అడుగువారు తగ్గినారు. వలలోని రబ్బరుబంతుల బేరమే ముందు తీరును.