డోలీ మోసిన భుజములు



భద్రాచలము అడవి పల్లెలలో వాగులు పొంగి బండ్లు కదలని దినమున రోగిని ఆసుపత్రికి చేర్చుటకు డోలీయే గతి. బొంగుకు దుప్పటి కట్టి, అందులో రోగిని పరుండబెట్టి, వంతులవారీగా భుజములు మార్చుకొనుచు మోసికొని వచ్చెదరు. అట్టి మోతను చిత్రించిన ఒక యుద్ధ చిత్రకారుని సంగతి నేడు ఆలోచింతము.

ఆయన ఇంగ్లాండు దేశస్థుడగు స్టాన్లీ స్పెన్సర్. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1915 లో, సైనిక వైద్యదళమున చేరి, బ్రిస్టల్ నగరపు ఆసుపత్రిలో నేలలు తోమెను. 1916 లో మాసిడోనియా యుద్ధరంగమునకు వెళ్లి గాయపడినవారికి పరిచర్య చేసెను. ఆ సెప్టెంబరులో స్మోల్ అను చోట చూచినదానిని 1919 లో చిత్రముగా వ్రాసెను. అది లండనులోని ఇంపీరియల్ వార్ మ్యూజియములో నున్నది.

చిత్రములో ఫిరంగులు లేవు, శత్రువు లేడు. గ్రీకు క్రైస్తవుల పాత గుడి ఒకటి శస్త్రచికిత్సా స్థలమైనది. లోపల దీపకాంతిలో వైద్యులు పని చేయుచున్నారు. వెలుపల కంచరగాడిదలు గాయపడినవారిని తెచ్చి నిలిచినవి. ఒక్కొక్కదానికి రెండు వాసములు కట్టియున్నవి. వాటి వెనుక కొనలు నేలనంటుచుండగా, గాయపడినవాడు వాటిపై పరుండియున్నాడు. అది మన డోలీకి దగ్గరి చుట్టమే. ఆ గాడిదల తలలు సహా వెలుగువైపే తిరిగియున్నవి. ఇది భీతి పుట్టించు దృశ్యము కాదు, విమోచన దృశ్యమని స్పెన్సర్ తలంచెను.

ఇట్టి పరిచర్యలో మనవారికిని పాలున్నది. 1899 లో దక్షిణాఫ్రికా బోయరు యుద్ధమున గాంధీగారు కూర్చిన అంబులెన్సు దళములో సుమారు 1,100 మంది భారతీయులుండిరి. వారిలో ఎక్కువమంది ఒప్పందపు కూలీలు. అట్లు నాటాలు దేశమునకు పోయినవారిలో తమిళులును తెలుగువారును అనేకులు. దళమునకు శుశ్రూష నేర్పినవాడు డర్బను మిషను వైద్యుడగు డాక్టరు బూత్. కొన్ని దినములు వారు గాయపడినవారిని మోయుచు 20 నుండి 25 మైళ్లు నడిచిరి. ఆ కూలీలలో ఎందరి పేర్లు మనకు తెలియును?

పక్షవాయువుగలవానిని మోసి తెచ్చిన నలుగురి పేర్లును సువార్తలో లేవు. అయినను ప్రభువు వారి విశ్వాసమును చూచెను. దూరమున నిలిచినవానికి గాయము మాత్రమే కనబడును. దగ్గరనుండి పరిచర్య చేసినవాడు గనుకనే స్పెన్సర్ అక్కడ వెలుగును చూడగలిగెను.

డోలీ అక్కరలేని దినము రావలెనని ప్రార్థింతము. అంతవరకు ప్రక్క గూడెమునుండి డోలీ వచ్చినప్పుడు, అందులో ఉన్నది ఎవరి కులమువాడు, ఏ సంఘమువాడు అని అడుగక, మన భుజము నిత్తము.