మన్యమున యాత్రాకాలనిర్ణయము

ప్రయాణమునకుఁ గాలమును నిర్ణయించుట యనఁగాఁ దిథివారనక్షత్రములను జూచుటయే యని పలువురి యభిప్రాయము. ప్రాచీనగ్రంథములను బరిశీలించినచో నింతకంటె స్థూలమైన విచార మొకటి యందుఁ గానవచ్చుచున్నది. దారి యాఱినదా, ఏఱు దాఁట శక్యమా, పశువులకు మేఁత దొరకునా, ఎండ యెంత, వ్యాధి యెట్టిది అను ప్రశ్నలే యాత్రాకాలనిర్ణయమునకు మూలములు. వీనికి శాస్త్రకారు లిచ్చిన సమాధానములు దేశమంతటికి నొక్కరీతిగా వర్తించునా యనునది విచార్యము. కళింగాంధ్రమునందలి గుమ్మలక్ష్మీపుర ప్రాంతమును నిదర్శనముగాఁ గొని యీ విషయ మిచటఁ బరిశీలింపఁబడుచున్నది.

గుమ్మలక్ష్మీపురము పార్వతీపురమునకు నీశాన్యముగా, కురుపామునకుఁ బైభాగమునఁ దూర్పుకనుమలలో, ఒడిస్సా సరిహద్దునకుఁ జేరువగా నున్నది. ఈ భాగము పూర్వము విశాఖపట్టణపు జిల్లాలోను, 1950 నుండి శ్రీకాకుళపు జిల్లాలోను, 1979 నుండి విజయనగరపు జిల్లాలోను ఉండి, 2022లోఁ బార్వతీపురం మన్యం జిల్లాలోఁ జేరినది. జాతాపులు, సవరలు ఇచటి ప్రధాననివాసులు. పల్లెలు పెక్కులు కొండల నడుమను, కొన్ని కొండకొనలమీఁదను గలవు. పల్లెనుండి సంతకుఁ బోవువాఁడు తఱచుగా గెడ్డలు దాఁటవలసియుండును. ఈ ప్రాంతపు నీటికి నాగావళియే ప్రధానమైన మార్గము. అది కలహండి మలలలోఁ బుట్టి క్రిందికి వచ్చునది. కావున మీఁది కొండలలో వాన గురిసినప్పుడు, క్రింద నెండ గాయుచున్నను ఏఱు పొంగవచ్చును. తలపై నున్న యాకాశమును మాత్రమే చూచి బయలుదేఱువాఁడు మోసపోవు దేశ మిది.

యాత్రకు శాస్త్రసమ్మతమైన సామాన్యకాలము వానలు వెడలిన పిమ్మటిది. మనుస్మృతి సప్తమాధ్యాయమున దండయాత్రకు మార్గశీర్షమును, బలమును బట్టి ఫాల్గునచైత్రములను విధించినది. కాళిదాసు రఘువంశ చతుర్థసర్గమున శరత్తే రఘువును యాత్రకుఁ బురికొల్పినట్లు వర్ణించెను. ఏఱులు దాఁట వీలగుటయు, దారిబురద యాఱుటయు నందులకుఁ గారణములుగాఁ జెప్పెను. ఆ యాత్రలోనే రఘువు కళింగమును జొచ్చి మహేంద్రగిరిని జేరెను. ఆ మహేంద్రగిరి గుమ్మలక్ష్మీపురమునకుఁ దూర్పుగా, ఇవే కనుమల వరుసలో నున్నది. శ్రీరామచంద్రుఁడు వానకాలమంతయుఁ బ్రస్రవణగిరిపై నిలిచి శరత్తునకై వేచినట్లు కిష్కింధాకాండము చెప్పుచున్నది. బౌద్ధభిక్షువుల వర్షావాసమును, యతుల చాతుర్మాస్యమును నీ మర్యాదకు లోఁబడినవే. వీని యన్నిటను వాన యొక్కటియే ప్రతిబంధకము. వాన వెడలినచో దారి తెఱవఁబడినట్లే.

మన్యమున నీ సామాన్యనియమము చెల్లదు. వాన వెడలిన పిదపనే యచట రెండవ యాపద తలచూపును. అది మన్యపుజ్వరము. ఈ కనుమలకే యుత్తరభాగమున నున్న ఘుంసరపు మలలలో 1835 నవంబరున నాంగ్లేయసైన్యము ప్రవేశించినది. కార్తిక మార్గశీర్షముల కాల మగుటచే నది శాస్త్రమునకు సరిపోవునదియే. ఐనను నా సైన్యము జ్వరముచే మిక్కిలి నలిఁగినది. ఆ పోరు 1837 వఱకు సాగెను.

సైన్యముల మాట యటుండఁగా, విద్యార్థమై వెడలినవారికిని నీ యాపద తప్పలేదు. గిడుగు వేంకట రామమూర్తిగారు (1863-1940) పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండి, సవరభాషను నేర్చుటకై సవరపల్లెలకుఁ దిరిగిరి. వారికి మన్యపుజ్వరము సోఁకినట్లును, దానికై సేవించిన క్వినైనుచే వినికిడి చెడినట్లును వారి జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. లిపి లేని భాషను జెవితో వినియే వ్రాయవలయును. అట్టి భాషకై చెవిని గోలుపోయియు వారు విరమింపక 1931లో సవరభాషాబోధకమగు గ్రంథమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. మన్యయాత్రకు వారు చెల్లించిన మూల్య మిది.

ఈ జ్వరమునకుఁ జిరకాలము కొండనీటిని, ఆకులు కుళ్లిన గాలిని గారణములుగా నెంచిరి. 1897 ఆగస్టు 20వ తేదిని సికిందరాబాదులో రోనాల్డు రాసు దోమకడుపున జ్వరజీవిని గనుఁగొనుటతో నిజము తేలినది. ఈ కనుమలలో జ్వరమును వ్యాపింపఁజేయు దోమలలో ముఖ్యమైనది అనాఫిలిసు ఫ్లూవియాటిలిసు అనునది. అది మురికిగుంటలలోఁ గాక, మెల్లగాఁ బాఱు తేటనీటి వాఁగుల యంచుల గడ్డిలోఁ బెరుఁగును. వానకాలమున వాఁగులు పొంగి దాని పిల్లలను గొట్టుకొనిపోవును. వానలు వెడలి నీరు తేఱినంతనే యది మరల వృద్ధిపొందును. ఏ నిర్మలజలమును జూచి కవులు శరత్తును గొనియాడిరో, ఆ జలమే మన్యమున వ్యాధికిఁ బుట్టినిల్లు.

సముద్రతీరము చేరువ యగుటచే శరత్తున మఱియొక భయమును గలదు. ఫైలిను 2013 అక్టోబరు 12న గోపాలపురముకడను, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్టణముకడను, తిత్లీ 2018 అక్టోబరు 11న శ్రీకాకుళపు జిల్లాలోను దీరము దాఁటినవి. ఈ మూఁడు తుపానులు నాశ్వయుజమునందలివే. తిత్లీ వానలకు మహేంద్రగిరి యున్న గజపతి జిల్లాలోఁ గొండచఱియలు విఱిగిపడి జననష్టము గలిగినది. రఘువునకు దారి చూపిన ఋతువే యిది.

ఐనచో శాస్త్రము దప్పినదా? తప్పలేదు. ఉత్సర్గమును జూపి యపవాదమును విడిచినవారిదే తప్పు. కౌటిల్యుఁ డర్థశాస్త్ర నవమాధికరణమున మార్గశీర్ష చైత్ర జ్యేష్ఠమాసములను యాత్రాభేదమును బట్టి చెప్పి, పిమ్మట దేశభేదమును జూపెను. మిక్కిలి వేఁడియై, గడ్డియుఁ గట్టెలు నీరును గొఱఁతయైన దేశమునకు హేమంతమునఁ బోవలయు ననియు, మంచును మబ్బును లోఁతునీరును దట్టపుగడ్డియుఁ జెట్లును గల దేశమునకు గ్రీష్మమునఁ బోవలయు ననియు నతని మతము. ఈ రెండవ లక్షణము మన్యమునకుఁ జక్కఁగా నమరును. తన సేనకు ననుకూలమై పరసేనకుఁ బ్రతికూలమైన దేశమునకు వానలోనే పోవచ్చు నని మఱొక యపవాదమును గలదు. ఇట్టి వివేక మా గ్రంథకర్తకు యాదృచ్ఛికముగాఁ గలిగినది కాదు. సీతాధ్యక్షప్రకరణమున నతఁడు జాంగలదేశమునకు 16 ద్రోణములు, అనూపదేశమునకు దానికి సగ మెక్కువ, అశ్మకమునకు 13½, అవంతికి 23 ద్రోణములు అని వానను దేశముల వారిగా లెక్కించెను. వాన దేశమునకు దేశమునకు వేఱని కొలిచి తెలిసికొన్నవాఁ డెల్లరకు నొకే మాసమును విధింపఁడు.

ఈ యపవాదములకుఁ జరిత్రమున నిదర్శనములు గలవు. తీరపు టుప్పును బెరికయెద్దులపై నెక్కించి కనుమలు దాఁటించిన లంబాడీలు పొడికాలమునఁ గదలెడివారు. ఉప్పు వానకుఁ గరఁగును. బరువుతో నున్న యెద్దు పొంగిన గెడ్డలో నిలువలేదు. 1931లో విజయనగర రాయపురముల నడుమ రైలుదారి పూర్తియైన పిదప సరకునకు ఋతువుతోఁ బని తగ్గినది. రెండవ యపవాదమునకు నిదర్శన మివే కనుమలలో నైరృతిదిశ నున్న చింతపల్లి ప్రాంతము. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపైఁ బడెను. అది నడివానకాలము. దారు లెఱిఁగిన కొండవారికి వాన మఱుఁగు. మైదానపు సేనకు వాన యడ్డు.

ఇంతవఱకుఁ జెప్పినది బయలుదేఱు దినమును దామే యెన్నుకొనఁగలవారి యాత్ర. మన్యవాసుల కట్టి స్వాతంత్ర్య మన్నివేళలఁ గలుగదు. పోడు నఱకుట, కాల్చుట, విత్తుట, చింతపండును సంతకుఁ జేర్చుట యివి యన్నియు వారు ఋతువు నెఱిఁగియే చేయుదురు. కాని వ్యాధియుఁ బ్రసవమును ఋతువు నడుగవు. కఱ్ఱకుఁ గట్టిన డోలీలో నొప్పులు పడు స్త్రీని మోసికొని గెడ్డలు దాఁటుట యీ ప్రాంతపుఁ గొండపల్లెలలో నిటీవలి సంవత్సరములలోను జరిగినది. మోయువారి కాలు జాఱినను, నీరు మోఁకాలు దాఁటినను రెండు ప్రాణములకు ముప్పు. ఇందులకుఁ బ్రతిక్రియగా సాలూరులోను, గుమ్మలక్ష్మీపురములోను గర్భిణులకు వసతిగృహము లేర్పడినవి. ప్రసవదినము సమీపింపకమున్నే వారిని గొండలనుండి దింపి యచట నుంచి, కాలము వచ్చినప్పు డాసుపత్రికిఁ జేర్చుట వీని యుద్దేశము. గెడ్డ పొంగకమున్నే దాని నీవలికి వచ్చుట యన్నమాట. యాత్రాకాలవిచారమునకు నింతకంటె సార్థకమైన ప్రయోజనము లేదు.

కావున నీ విచారమునఁ దేలిన యంశము లివి. శరన్మార్గశీర్షములు యాత్రకు మంచివను నియమము మైదానమునకు విహితమైనది. మన్యమున వానకాలము దారిని, వానలు వెడలిన కాలము దేహమును బాధించును. దేశభేదమును బట్టి కాలభేదము నెంచవలయు నను కౌటిల్యుని మతమే యిచట శరణ్యము. మన్యమునకుఁ బోవువాఁడు మాసమును జూచుటతోఁ దృప్తిపడక, మీఁది కొండలలో వాన యెట్లున్నదో, గెడ్డలో నీరెంతయో, జ్వర మే పల్లెలో నున్నదో యచటివారి నడిగి మఱి కదలవలయును.