ఇనుప శాసనం

తెలుగు పండితుడికి ఇంజనుతో ఏమి పని అని సహృదయులైన పాఠకులు అడగవచ్చు. పని ఉన్నది. ఒక తాళపత్ర ప్రతి ఏ కాలానిదో, అందులో ఏది మూలపాఠమో, ఏది తరువాతివారు చేర్చిన ప్రక్షిప్తమో తేల్చడం మా చదువులో ఒక భాగం. అమెరికాలో పాత కార్లను పునరుద్ధరించేవారు ఇనుప దిమ్మ ముందు కూర్చుని చేసేది కూడా అదే. మా అబ్బాయి మిషిగన్ రాష్ట్రంలో ఉంటాడు. అక్కడికి వెళ్ళినప్పుడు ఒక వృద్ధ మెకానిక్ షెడ్డులో ఈ విద్యను కొన్నాళ్ళు దగ్గరగా చూసే అవకాశం కలిగింది. ఆ పరిచయంతోనూ, తరువాత చదివి తెలుసుకున్నదానితోనూ ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముందుగా కొంత చరిత్ర. మధ్యతరహా కారులో పెద్ద కారుకు పెట్టే ఇంజనును అమర్చి, కుర్రకారుకు అందుబాటు ధరలో అమ్మడం 1960లలో అమెరికన్ కంపెనీలు పట్టిన దారి. 1964లో పాంటియాక్ వారు 389 ఘనపుటంగుళాల ఇంజనుతో తెచ్చిన జీటీవో ఈ ఒరవడికి ప్రసిద్ధి తెచ్చింది. ఇటువంటి వాటికే 'మజిల్ కార్లు' అని పేరు. నేను చెప్పబోయేది ఆ కుటుంబానికే చెందిన షెవర్లే కమారో జడ్/28 ఇంజను గురించి.

1966లో స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా వారు ట్రాన్స్-ఆమ్ అనే పందేలను ప్రారంభించారు. ఇంజను పరిమాణం 305 ఘనపుటంగుళాలు, అంటే సుమారు 5 లీటర్లు, మించరాదని నియమం. షెవర్లే వద్ద 283 ఉన్నది, అది చిన్నది. 327 ఉన్నది, అది హద్దు దాటింది. అప్పుడు ఆ కంపెనీ ఇంజనీరు విన్స్ పిగ్గిన్స్ చొరవతో ఒక ఉపాయం సాగింది. 327 ఇంజనులోని 4 అంగుళాల సిలిండరు వ్యాసాన్ని, 283 ఇంజనులోని 3 అంగుళాల పిస్టన్ ప్రయాణాన్ని జత చేశారు. ఎనిమిది సిలిండర్లకు లెక్క కడితే 301.6 వస్తుంది. దానినే 302 అన్నారు. ఈ ఇంజనుతో కూడిన జడ్/28 కార్లు 1967లో 602, 1968లో 7,199, 1969లో 20,302 తయారయ్యాయి. పెన్స్కే జట్టు తరఫున మార్క్ డొనహ్యూ నడిపిన కమారోలు 1968, 1969 పందేలలో షెవర్లేకు విజయం తెచ్చిపెట్టాయి.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 1969 కమారోకు కంపెనీ ఇచ్చిన గుర్తింపు సంఖ్యను చదివితే అది షెవర్లే అని, ఎనిమిది సిలిండర్ల కమారో అని, ఏ సంవత్సరపుదో, ఏ కర్మాగారంలో తయారైందో తెలుస్తుంది. కాని ఆ ఎనిమిది సిలిండర్ల ఇంజను ఏ రకమో తెలియదు. సాధారణ కమారో అయినా, జడ్/28 అయినా సంఖ్య ఒకే తీరుగా ఉంటుంది. పాంటియాక్ కార్లకు కారు కారుకూ కర్మాగారపు పత్రాలు మిగిలాయి. అమెరికాలో అమ్మిన షెవర్లేలకు ఆ భాగ్యం లేదు. గద్యలేని కావ్యం వంటివన్నమాట. కవి ఎవరో గ్రంథమే చెప్పాలి. అందువల్ల ఇంజను దిమ్మ మీది ముద్రలే ముఖ్యసాక్షులైనాయి. సాక్షికి విలువ పెరిగినచోట దొంగసాక్ష్యానికి గిరాకీ పుట్టడం లోకసహజం.

ఆ దిమ్మ మీద చదవవలసినవి మూడు. మొదటిది పోత సంఖ్య. అచ్చులోనే ఉండి ఇనుముతో పాటు ఉబ్బెత్తుగా పోతపోసిన అంకెలివి. దిమ్మ వెనుక భాగాన ఉంటాయి. రెండవది పోత తేదీ. జనవరికి 'ఏ', ఫిబ్రవరికి 'బి' చొప్పున నెలకొక అక్షరం, తరువాత రోజు, చివర సంవత్సరంలోని ఆఖరి అంకె. 'బి 18 9' అంటే 1969 ఫిబ్రవరి 18. మూడవది ఇంజను ముందు భాగాన, కుడి పక్క సిలిండరు హెడ్‌కు ముందున్న చిన్న చదునైన మెట్టు మీద కొట్టిన ముద్ర. 'వి0303డిజడ్' అని ఉంటే 'వి' ఫ్లింట్ కర్మాగారం, మార్చి 3న కూర్చిన ఇంజను, 'డిజడ్' 1969 నాటి 302 అని అర్థం. వీటికి తోడు ఆ ఇంజను ఏ కారులోకి వెళ్ళిందో తెలిపే కారు సంఖ్యలోని కొంత భాగాన్ని అదే మెట్టు మీదనో, ఆయిల్ ఫిల్టరు దగ్గరనో కొట్టేవారు.

ఈ మూడింటికీ కాలక్రమం కుదరాలి. దిమ్మను పోసిన తరువాతనే ఇంజను కూర్పు, ఆ తరువాతనే కారు తయారీ. మార్చి మూడవ వారపు కారులో ఏప్రిల్‌లో పోసిన దిమ్మ ఉన్నదంటే, అది ఎంత మెరుస్తున్నా ఆ కారుతో పుట్టినది కాదు. కృతిపతి పుట్టకముందే కృతి అంకితమైనదంటే మనం నమ్ముతామా?

ఒక్క అంకెతో సంవత్సరాన్ని చెప్పడంలో ప్రమాదం ఉన్నది. 3970010 అనే పోత సంఖ్య గల దిమ్మలు 1969లో వచ్చాయి, 1979లోనూ వచ్చాయి. రెండింటి మీదా '9' అనే ఉంటుంది. మన శాసనాలలో శకసంఖ్య లేకుండా ప్రభవ నామ సంవత్సరమని మాత్రమే ఉంటే అది 1867 కావచ్చు, 1927 కావచ్చు, 1987 కావచ్చు. లిపిని, భాషను, రాజు పేరును చూడక తప్పదు. ఇక్కడా అంతే. కడపలో బ్రౌను దొర పండితులను కూర్చోబెట్టి అనేక ప్రతులను సరిపోల్చినది, ఒకే సాక్షిని నమ్మరాదనే కదా!

ఇక కూటశాసనాల సంగతి. కర్మాగారంలో దిమ్మ పైతలాన్ని బ్రోచింగ్ యంత్రంతో చదును చేసేవారు. ఆ పళ్ళ కోత ముందు నుండి వెనుకకు సన్నని, తిన్నని, సమాంతరమైన గీతలను విడిచేది. ఆ గీతల మీదనే ముద్ర పడేది. పాత ముద్రను అరగదీసి కొత్తది కొడితే గీతలు పోతాయి, లేదా అడ్డదిడ్డంగా, వంపుగా కనబడతాయి. అయితే గీతలు లేని ప్రతి దిమ్మా దొంగది కాదు. మరమ్మతులో పైతలాన్ని నిజాయితీగా చదును చేయించినా ముద్ర చెరిగిపోగలదు. తెలిసినవారు ఆ మెట్టును ముట్టకుండా పని చేయమని ముందే చెబుతారు.

అసలు ఇంజను పోయిన కారుకు గతి ఏమిటి? అదే కాలానికి, అదే పోత సంఖ్యకు, కారు పుట్టుకకు కొద్దిగా ముందు తేదీకి చెందిన దిమ్మను వెతికి అమర్చడం ఒక మార్గం. ఇది 'ఆ కాలపు ఇంజను', 'ఆ కారు ఇంజను' కాదు. ఈ భేదాన్ని చెప్పి అమ్మితే అందులో దోషం లేదు. షెవర్లే వారే వారంటీ కాలంలో చెడిపోయిన ఇంజనుకు బదులిచ్చిన దిమ్మల మీద 'సిఇ' అని, తరువాత సంవత్సరపు అంకె, వరుస సంఖ్య కొట్టి ఇచ్చేవారు. నేను ప్రతిని సుమా అని తానే చెప్పుకునే ప్రతి వంటిది అది.

నేను చూసిన షెడ్డులో ఒక దిమ్మ ఉండేది. 1969 నాటిదే, మరొక కారులో పుట్టినది. దానిమీద తన కారు సంఖ్య కొట్టమని ఆ కారు యజమాని అడిగాడు. మెకానిక్ ఒప్పుకోలేదు, ఆ యజమాని కారును మరొక చోటికి తీసుకుపోయాడు. ఆ నెలలో అదే ఆయనకు పెద్ద పని. ఆ నిరాకరణ నన్ను చాలా ఆలోచింపజేసింది. దొంగముద్ర ఒక కారుకు అబద్ధపు చరిత్రను కట్టబెట్టడమే కాదు, ఆ దిమ్మకు అంతవరకూ ఉన్న నిజమైన చరిత్రను తుడిచివేస్తుంది. ఆ రెండవ కారు ఏ కొట్టంలోనో మిగిలి ఉంటే, దాని యజమాని తన ఇంజను కోసం ఎన్ని ఏళ్ళు వెతికినా ఇక దొరకదు.

పునరుద్ధరణలో ఎంత మారినా ఇంజను అదే అనవచ్చు? దిమ్మను కడిగి, అయస్కాంత పరీక్షతో పగుళ్ళు వెతికి, సిలిండర్ల గోడల మందం కొలుస్తారు. అరిగిన సిలిండర్లను బోరింగ్ చేస్తారు. మన లేతు షాపుల్లో 'థౌ' అంటారే, అంగుళంలో వెయ్యవ వంతు, ఆ కొలతలో 20 పెంచితే పరిమాణం 304.6 అవుతుంది. 30 పెంచితే 306.1. అంటే 305 హద్దు కోసమే పుట్టిన ఇంజను, ఆయువు పెంచే వైద్యంలో ఆ హద్దును దాటిపోతుంది! అమెరికాలో రోడ్డు కార్లకు సీసం కలిపిన పెట్రోలు 1996 నుండి నిషిద్ధం కనుక, ఎగ్జాస్టు వాల్వుల కింద గట్టి లోహపు సీట్లు కూడా అమరుస్తారు. ఇవి పైకి కనబడవు. వీటిని మోసమని ఎవరూ అనరు. చేసినది చేసినట్లు కాగితం మీద వ్రాసి యజమాని చేతికిస్తారు కనుక.

శిథిలమైన పద్యంలో జారిపోయిన అక్షరాలను పూరించే హక్కు పరిష్కర్తకు ఉన్నది. కాని పూరణను కుండలీకరణంలో చూపవలసిన బాధ్యత కూడా ఉన్నది. కుండలీకరణం తీసివేసిననాడు అతడు పరిష్కర్త కాడు, కూటకర్త. తాటాకుకైనా, పోత ఇనుముకైనా న్యాయం ఒక్కటే.