శ్రీ బి. యన్. రెడ్డిగారు

తెలుగు చలనచిత్రములు దశాబ్దముల తరబడి ఈ చెన్నపట్టణముననే రూపొందెనను విషయము నేటి మన పిల్లలలో అనేకులు ఎరుగరు. ఆ చరిత్రలో చిరస్మరణీయులైన శ్రీ బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారిని గూర్చి నాలుగు మాటలు విన్నవించుట మా ఉద్దేశము.

వారు 1908 నవంబరు 16వ తేదీన కడప మండలమున రైతుకుటుంబములో జన్మించిరి. మదరాసు చేరి మొదట ముద్రణాలయము నడపిరి. పిమ్మట హెచ్. యం. రెడ్డిగారితో కలసి 'గృహలక్ష్మి' (1938) నిర్మాణమున పాల్గొనిరి. ఆపై మూలా నారాయణస్వామిగారి తోడ్పాటుతో వాహినీ సంస్థను నెలకొల్పి, 1939లో 'వందేమాతరం' చిత్రముతో దర్శకులైరి.

పౌరాణికములు విరివిగా వెలువడుచున్న దినములవి. రెడ్డిగారు మాత్రము 'వందేమాతరం'లో చదువుకొన్న యువకుని నిరుద్యోగమును, 'సుమంగళి' (1940)లో వితంతువుల దుఃస్థితిని, 'దేవత' (1941)లో పనిపిల్లకు జరిగిన అన్యాయమును కథావస్తువులుగా గైకొనిరి. 1951లో వెలువడిన 'మల్లీశ్వరి' వారి కీర్తికి కలికితురాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిని చిత్రసీమకు కొనివచ్చినది ఆ చిత్రమే. సాలూరు రాజేశ్వరరావుగారి సంగీతము, భానుమతి, రామారావుగార్ల నటన దానికి వన్నె తెచ్చినవి. 1955లో ఆంగ్ల రచయిత్రి జార్జి ఇలియట్ నవల ఆధారముగా 'బంగారుపాప'ను నిర్మించిరి. అనాథశిశువు వలన కఠినహృదయము కరగుట అందలి ఇతివృత్తము. కథ పరదేశీయమైనను, చూచువారికి అది మన పల్లెకథగానే తోచును.

వారి సోదరులలో కొండారెడ్డిగారు ఛాయాగ్రాహకులు. నాగిరెడ్డిగారు విజయా సంస్థకును, 'చందమామ' పత్రికకును అధిపతులై ప్రఖ్యాతి గాంచిరి. వాహినీ స్టూడియో సైతము కాలక్రమమున తమ్ముని యాజమాన్యము క్రిందికి వచ్చినది. అన్నగారు మాత్రము తమ నిదానమును విడువలేదు. 1939 మొదలు 1969లో వచ్చిన 'బంగారు పంజరం' వరకు, ముప్పది ఏండ్లలో వారు దర్శకత్వము వహించినవి 11 చిత్రములే. లెక్కల పుస్తకములతో జీవితము గడపిన మాబోటి గుమాస్తాలకు ఇది లాభసాటి పద్దుగా కనిపించదు. కాని కళకు పద్దు వేరు. వేగిరపడి తీసిన చిత్రములు ఎన్నో మరుగుపడినవి. 'మల్లీశ్వరి' నేటికిని నిలిచియున్నది.

1974వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము వారిని వరించెను. దాక్షిణాత్యులలో దానిని పొందిన ప్రథములు వారే. 1977 నవంబరు 8వ తేదీన వారు మదరాసులో పరమపదించిరి. 1986లో నాగిరెడ్డిగారికిని అదే గౌరవము లభించెను.

వడపళనిలో ఆ స్టూడియో నేడు లేదు. ఆ ప్రాంగణమున ఆసుపత్రియు, వ్యాపారభవనములును వెలసినవి. కట్టడములు పోవుట కాలధర్మము, జ్ఞాపకము పోవుట మాత్రము మన లోపము. ఏటికొక్కసారియైనను మన సంఘములు 'మల్లీశ్వరి'ని ప్రదర్శించి, ఇది మన ఊరిలోనే తయారైనదని పిల్లలకు చెప్పవలెనని మా ప్రార్థన.